చిన్నమేడం మార్చిన సెట్టింగు

నేను అసూయపరురాలిని. ఈ మాట ఇంకెవరైనా అంటే వాళ్ల అంతు చూస్తాను గానీ, నా నోటితో నేను ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు. పద్దెనిమిదేళ్లు ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర, ఒకే పని చేసి చూడండి. ఆ తర్వాత నిన్నగాక మొన్న వచ్చిన పిల్లని జనం నెత్తిన పెట్టుకుని ఊరేగుతుంటే చూడండి. అప్పుడు మాట్లాడుకుందాం.

నా పని గుండె మిషన్లు చూడటం. గుండె లయ తప్పేవాళ్లకు భుజం కింద, చర్మం లోపల, అగ్గిపెట్టె అంత మిషన్ పెడతారు. గుండె మరీ నెమ్మదించినప్పుడు అది తట్టి లేపుతుంది. కొందరికి పెట్టేదాంట్లో ఇంకో గుణం కూడా ఉంటుంది. గుండె పిచ్చెత్తినట్టు కొట్టుకోవడం మొదలుపెడితే లోపల్నించే ఒక షాక్ కొట్టి దాన్ని దారికి తెస్తుంది. ఆ షాక్ పడకపోతే మనిషి నాలుగైదు నిమిషాల్లో దక్కడు. మిషన్ పెట్టేది డాక్టరుగారు. పెట్టాక మూడు నెలలకోసారి దాని మంచిచెడ్డలు చూసేది, సెట్టింగులు సరిచేసేది మేము. రోగిని పడుకోబెట్టి, మిషన్ ఉన్న చోట సబ్బుబిళ్లంత రిసీవరు ఆనిస్తాం. దాని తీగ కంప్యూటరుకి ఉంటుంది. గుండె మూడు నెలలుగా ఏం చేసిందో తెర మీద కనబడుతుంది. అబద్ధం చెప్పినా కనబడుతుంది. రోజూ నడుస్తున్నానని నాతో ఒట్టేసిన వాళ్లని ఎంతమందిని పట్టుకున్నానో.

మా గదిలో రెండు బల్లలు. కిటికీ వైపుది నాది. తలుపు వైపుది ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉండేది, ఫైళ్లు పెట్టుకునేదాన్ని. ఏడాదిన్నర కింద ఆ పిల్ల వచ్చి నా ఫైళ్లన్నీ చక్కగా అట్టపెట్టెల్లో సర్ది, "ఎక్కడ పెట్టమంటారక్కా?" అని అడిగింది. పెట్టిన తర్వాత అడిగింది. ఆ రోజే నాకు అర్థమైంది, ఇది నంగనాచి అని.

రోగులు దాన్ని చిన్నమేడం అన్నారు. దాంతో నేను పెద్దమేడం అయిపోయాను. అంతకుముందు నేను ఒట్టి మేడాన్ని. నలభై ఆరేళ్లకే నన్ను పెద్దదాన్ని చేసింది ఆ పిల్లే.

ఏం చేస్తుంది అంత గొప్పగా? రిసీవరు ఛాతీ మీద పెట్టే ముందు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చచేస్తుంది. అంతే. "ఇప్పుడు ఒక్క నిమిషం గుండె కాస్త గబగబా కొట్టుకుంటుంది, నేనే కొట్టిస్తున్నాను, కంగారు పడకండి" అని ముందే చెబుతుంది. నేను "పడుకోండి" అంటాను, అయ్యాక "లేవండి" అంటాను. మధ్యలో చేసే పనిలో వెంట్రుకవాసి తేడా ఉండదు, నా చెయ్యి ఇంకా చురుకు కూడా. అయినా జనం బయట బెంచీ మీద టోకెన్లు మార్చుకోవడం మొదలుపెట్టారు. "మీరు ముందు పొండి, నాకేం తొందర లేదు" అని ఒకరికొకరు తెగ మర్యాదలు చేసుకుంటున్నారేమిటా అని చూస్తే, నా బల్ల ఖాళీ అయినప్పుడల్లా ఆ మర్యాద. చిన్నమేడం బల్ల ఖాళీ అయితే మాత్రం ఒకరి మీద ఒకరు పడటం. నా కడుపు మండిందంటే మండదా మరి.

అదంతా భరించాను. భరించలేనిది మా మామగారి సంగతి.

మామగారు రైల్వేలో సిగ్నల్ మనిషిగా ముప్పై నాలుగేళ్లు చేసి దిగారు. అత్తగారు పోయాక మా దగ్గరే ఉంటున్నారు. అయిదేళ్ల కింద వంటింట్లో మంచినీళ్లు తాగుతూ తాగుతూ కుప్పకూలారు. అదృష్టం కొద్దీ నేను ఇంట్లో ఉన్నాను, ఛాతీ మీద నొక్కుతూనే అంబులెన్సు ఎక్కించాను. షాక్ కొట్టే మిషన్ పెట్టారు. మూడో ఏట గడ్డం గీసుకుంటుంటే ఒకసారి షాక్ పడింది కూడా. ఎవరో లోపల్నించి గుద్దారమ్మాయ్ అంటూ సగం నురగతో బయటికొచ్చారు. తెర మీద చూస్తే ఆ షాక్ లేకపోతే ఆయన లేరు.

అప్పట్నించీ ఆయన నా బల్ల దగ్గరికే వచ్చేవారు. బెంచీ మీద పక్కవాళ్లకి వినబడేలా, "నా గుండె మా కోడలి చేతిలో ఉందండీ, అందుకే ఇంట్లో నోరెత్తను" అనేవారు. నేను లోపల్నించి విననట్టు మొహం పెట్టేదాన్ని. విని మురిసిపోయేదాన్ని. కన్న తండ్రి కూడా నన్ను నలుగురిలో అలా ఎప్పుడూ అనలేదు.

ఒకసారి నాకు జ్వరం వచ్చి సెలవు పెట్టాను. ఆయన వంతు ఆ పిల్ల చూసింది. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి, "ఆ పిల్ల చెయ్యి ఎంత వెచ్చగా ఉంటుందమ్మాయ్" అన్నారు. జ్వరంతో నా ఒళ్లు కాలిపోతోంది, నా చెయ్యి వెచ్చగా ఉందో లేదో ఆయన చూడలేదు. తర్వాతసారి తలుపులోంచి రాగానే నావైపు ఒక నవ్వు నవ్వి, తిన్నగా ఆ బల్ల దగ్గరికి పోయి పడుకున్నారు. తర్వాత నాతో, "ఇంట్లో నీకు నా చాకిరీ చాలదా, ఇక్కడ కూడా ఎందుకని" అన్నారు. నాకేదో మేలు చేసినట్టు. నేను నవ్వాను. ఆ నవ్వు నవ్వడానికి ఎంత పళ్లు నూరుకున్నానో నాకే తెలుసు.

తర్వాత ఆయనకి హెర్నియా ఆపరేషన్ వచ్చిపడింది.

ఆపరేషన్లో రక్తం ఆపడానికి కరెంటుతో కాలుస్తారు. ఆ కరెంటు గోలని మిషన్ గుండె గోల అనుకుందంటే, ఏ పాపం ఎరగని గుండెకి షాక్ కొట్టేస్తుంది. అందుకని ముందు షాక్ ఆఫ్ చేస్తాం. ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఆన్ చేస్తాం. ఆపిన చెయ్యే ఆన్ చెయ్యాలి, ఇంకొకరు వేలు పెట్టకూడదు. ఇది మా గదిలో నియమం. పెట్టింది నేనే.

"తాతగారిది నేను చూసుకుంటానక్కా, మీరు ఆయన పక్కన కూర్చోండి, కంగారుగా ఉంటారు" అంది ఆ పిల్ల. నేను కంగారుగా లేను. అయినా డాక్టరుగారి ముందు అనేసరికి తల ఊపాను. పొద్దున్నే ఆమె షాక్ ఆఫ్ చేసింది. ఆపరేషన్ బాగా జరిగింది. మధ్యాహ్నం వార్డుకి కంప్యూటరు తోసుకొచ్చి మళ్లీ చూసి వెళ్లింది. నేను ఆ టైములో మందుల కౌంటరు దగ్గర ఉన్నాను.

సాయంత్రం ఇంటికి పోయే ముందు వార్డుకి వెళ్లాను. మామగారు మగతగా ఉన్నారు. నన్ను చూడగానే, "ఆ పిల్ల ఏదో మార్చిందమ్మాయ్, ఇక మెట్లెక్కితే ఆయాసం రాదంది" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నడిచినప్పుడు గుండె వేగం ఎంత పెరగాలో మిషన్‌కి చెప్పే సెట్టింగు ఒకటి ఉంటుంది. అయిదేళ్ల కింద నేను లెక్క కట్టి పెట్టిన అంకె అది. మెట్ల దగ్గర ఆయాసం వస్తోందని ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. ఇంట్లో ఉన్న కోడలికి చెప్పని మాట తలుపు వైపు బల్లకి చెప్పారు. అది నన్నడగకుండా నా అంకె మార్చేసింది. ఆపరేషన్ పేరు చెప్పి.

కంప్యూటరు తెప్పించాను. "ఇందాకే చూసింది కదా" అన్నారాయన. "రెండోసారి చూస్తే అరిగిపోదు" అన్నాను. మేము ఏ మిషన్ చూసినా, పని ముగించగానే అప్పటికున్న సెట్టింగుల నకలు ఒకటి కంప్యూటరే దాచుకుంటుంది. కావాలంటే పాత నకలు తీసి మళ్లీ ఎక్కించవచ్చు. తెర తెరిచాను. నా అంకె లేదు, ఆ పిల్ల అంకె ఉంది. జాబితాలో మధ్యాహ్నం నకలు కిందే పొద్దుటి నకలు ఉంది, అందులో నా అంకె భద్రంగా ఉంది. దాన్ని తీసి ఎక్కించేశాను. కంప్యూటరు ఏదో అడిగింది, అది ప్రతిదానికీ అడుగుతూనే ఉంటుంది, సరే అని నొక్కాను. రెండు నిమిషాల పని. ఆ పిల్లకి చెప్పలేదు. అది నాకు చెప్పిందా?

ఇంటికొచ్చి కోలుకున్నాక మామగారు మేడ మెట్లెక్కి మధ్యలో ఆగి రొప్పారు. "ఆ పిల్ల చేసింది ఇంకా పట్టినట్టు లేదమ్మాయ్" అన్నారు. చెప్పకూడదు గానీ, ఆ మాట నా చెవుల్లో తేనె పోసినట్టుంది.

పంతొమ్మిదో రోజు శనివారం. శనివారాలు మాకు ఒంటిగంటన్నర దాకే. రోగుల ఇళ్లలో మంచం పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది. అది మిషన్ కబుర్లు ఆసుపత్రికి పంపుతుంది. మా మామగారు ఫోను చార్జింగు కోసమని దాని ప్లగ్గు పీకి పారేశారు. నేను శుక్రవారం చూసి, నాలుగు చీవాట్లు పెట్టి, మళ్లీ తగిలించాను. అందుకని మూడు వారాల కబుర్లు ఒక్కసారి వచ్చిపడ్డాయి. ఇంటికి బయలుదేరబోతూ జాబితా చూస్తే ఆయన వరస ఎర్రగా ఉంది. తెరిచాను. షాక్ ఆఫ్‌లో ఉంది. ఎప్పట్నించి? ఆపరేషన్ రోజు నుంచి.

మొదట నా గుండె ఝల్లుమంది. ఆ మాట అబద్ధం కాదు. పంతొమ్మిది రోజులుగా ఆయన లోపల మిషన్ ఉండీ లేనట్టే. ఆ పంతొమ్మిది రోజుల్లో ఏ పూట గుండె తిరగబడినా అంతే సంగతులు.

రెండో క్షణం ఏమనిపించిందో కూడా చెప్పాలి కదా. దొరికింది అనిపించింది. నంగనాచి దొరికింది. వెచ్చటి చేతులు, తీయటి మాటలు, కానీ ఆపిన షాక్ మళ్లీ ఆన్ చెయ్యడం మర్చిపోయింది. నా అంకె మార్చడం మాత్రం గుర్తుంది. లోలోపల చంకలు గుద్దుకున్నాను.

ఏ గంటకి ఎవరు ఏం చేశారో చూడాలంటే ఇంకో బటన్ నొక్కాలి. నేను నొక్కలేదు. నొక్కాల్సిన అవసరమే కనబడలేదు.

సోమవారం పొద్దున్నే డాక్టరుగారి గదిలో మా వారం మీటింగు. అందరూ ఉంటారు. ఆ కాగితం ఆయన ముందు పెట్టి, "మా ఇంటి మనిషి కాబట్టి నేను పట్టుకున్నాను, వేరేవాళ్లయితే ఏమైపోయేవారో" అనాలి. గొంతు కాస్త వణకాలి. ఆ పిల్ల మొహం మాడిపోవాలి. ఇవాళే ఆయన్ని తీసుకొచ్చి ఆన్ చేసేస్తే అంతా చల్లారిపోతుంది. ఏదో జరిగింది, సరిచేశాం, అంటారు. ఎర్ర వరస ఎర్రగా ఉన్నప్పుడే చూపించాలి. పంతొమ్మిది రోజులు ఏమీ కాలేదు, ఇంకో రెండు రోజుల్లో ఏమవుతుంది? ఇంట్లో నేను ఉండనే ఉన్నాను. ఛాతీ నొక్కి ఒకసారి బతికించినదాన్ని.

కాగితం ప్రింటు తీసి, నాలుగు మడతలు పెట్టి, సంచీలో వేసుకుని ఇంటికి పోయాను.

ఆదివారం పొద్దున్నుంచి ఆయన్ని కళ్లల్లో వత్తులు వేసుకుని చూశాను. మా ఆయన ప్రెస్సులో షిఫ్టుకి పోయారు, ఇంట్లో మేమిద్దరమే. మామగారు రెండు తడి తువ్వాళ్లు భుజాన వేసుకుని మేడ మీదికి బయలుదేరితే గబగబా లాక్కున్నాను.

"నేను ఆరేస్తాను, మీరు కూర్చోండి."

"రోజూ నేనే కదా ఆరేసేది?"

"ఇవాళ నేను ఆరేస్తాను."

కూర్చోబెట్టి టీ ఇచ్చాను. పేపరు ఇచ్చాను. కళ్లజోడు తుడిచి ఇచ్చాను. బాత్‌రూములోకి పోతే తలుపు దగ్గర నిలబడ్డాను. కాసేపు చప్పుడు వినబడకపోయేసరికి, "మామయ్యా, ఉన్నారా?" అన్నాను.

"ఎక్కడికి పోతానమ్మాయ్, కిటికీలోంచి దూకి?" అన్నారు లోపల్నించి.

బయటికి వచ్చాక నన్ను ఎగాదిగా చూసి, "ఏంటివాళ ఇంత ప్రేమ పొంగుకొస్తోంది?" అన్నారు.

"ప్రేమ ఎప్పుడు లేదని?"

"ఉంటుందిలే. ఇంత బయటికి కనబడటం ఇదే మొదలు." ఆ మాట అని కుర్చీలో హాయిగా వెనక్కి వాలారు. ఆయన మొహం వెలిగిపోతోంది. నా బల్ల దగ్గరికి వచ్చే రోజుల్లో ఉండేది ఆ వెలుగు. చూసి నాకు గర్వం కలిగింది, ఏం మనిషినో నేను.

పది గంటలకి ఫోను మోగింది. చిన్నమేడం.

"అక్కా, తాతగారి మిషన్‌లో షాక్ ఆఫ్‌లో ఉంది. వెంటనే తీసుకురండి. నాకివాళ డ్యూటీ, గదిలోనే ఉన్నాను. ఆయన్ని మెట్లెక్కనివ్వకండి, లిఫ్టు దగ్గర చక్రాల కుర్చీ పెట్టిస్తాను."

నా సోమవారం గంగలో కలిసింది. తన తప్పు తనే ఆదివారం పూట ఎవరూ లేనప్పుడు కప్పెట్టేసుకుంటోంది అనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. సరే, కాగితం నా దగ్గరుంది, ఎక్కడికి పోతుంది అనుకుని సంచీ భుజానికి తగిలించుకుని, మామగారితో ఏదో చిన్న చెకప్ అని చెప్పి, ఆటో ఎక్కించాను.

గదిలోకి పోగానే ఆ పిల్ల మాటా పలుకూ లేకుండా రిసీవరు ఆయన ఛాతీ మీద ఆనించింది. ఆరోజు వెచ్చచెయ్యలేదు. షాక్ ఆన్ చేసింది. అప్పుడు ఊపిరి వదిలింది. "ఇంకేం పరవాలేదు తాతగారూ. మెట్ల దగ్గర ఆయాసం వస్తోందా ఇంకా?" అంది.

"వస్తోందమ్మా. నువ్వు చేసింది పట్టలేదు."

"ఇప్పుడు పడుతుంది" అని ఇంకేదో మార్చింది. తర్వాత ఆయన్ని లేపి, బయట బెంచీ మీద కూర్చోమని, తలుపు దగ్గరగా వేసింది.

నేను సంచీలో చెయ్యి పెట్టాను, కాగితం తీద్దామని. ఆమె తెర నావైపు తిప్పింది.

నేను నొక్కని ఆ బటన్ ఆమె నొక్కింది. ఆపరేషన్ రోజు మూడు వరసలు ఉన్నాయి. పొద్దున ఎనిమిదీ పదికి షాక్ ఆఫ్, చిన్నమేడం. మధ్యాహ్నం పన్నెండూ నలభైకి షాక్ ఆన్, చిన్నమేడం. సాయంత్రం అయిదూ యాభైకి షాక్ ఆఫ్. ఆ వరస పక్కన నా పేరు.

పొద్దుటి నకలు ఆమె షాక్ ఆఫ్ చేసిన తర్వాత దాచినది. నా అంకెతో పాటు ఆ ఆఫ్ కూడా అందులోనే ఉంది. రెండూ కలిపి నేనే ఎక్కించాను. కంప్యూటరు ఆ రోజు అడిగింది అదే, షాక్ ఆగిపోతుంది సరేనా అని. సరే అన్నాను.

నా కుర్చీలో కూర్చున్నాను. సంచీలోంచి చెయ్యి బయటికి తీయాలని కూడా తోచలేదు.

"పొరపాటు అందరికీ జరుగుతుందక్కా" అంది ఆ పిల్ల. ఎర్ర వరసని ఎవరు తెరిచారో, ఎన్ని గంటలకి తెరిచారో జాబితా పక్కనే పడుతుంది. నా పేరు, శనివారం, ఒంటిగంటా అయిదు. తెర మీద అది కనబడుతూనే ఉంది. ఇద్దరం చూశాం. ఇద్దరం చూడనట్టే ఉన్నాం.

పొరపాటు జరిగితే మా దగ్గర ఒక కాగితం నింపాలి. అందులో గళ్లు ఉంటాయి. ఏం జరిగింది, ఎవరివల్ల, ఎప్పుడు గమనించారు. ఆమె ఆ కాగితం నా బల్ల మీద పెట్టింది.

"ఇది డాక్టరుగారికి వెళ్తుంది, ఇందులో మీరు ఉన్నదే రాయాలి, మిషన్ ఎలాగూ చెబుతుంది. గమనించిన వేళ గడి మాత్రం మీరు నింపుకోండి, నేను చూడను. తాతగారికి మాత్రం నేనే ఆన్ చెయ్యడం మర్చిపోయానని చెబుతాను."

"నువ్వెందుకు చెప్పడం?"

"నేను తప్పు చేశానంటే ఏమవుతుంది, మూడు నెలలకోసారి నా మొహం చూడ్డం మానేస్తారు. మీరు చేశారంటే రోజూ మీ చేతి అన్నం ఎలా తింటారక్కా?"

నిజంగానే అంది. నటించడం లేదు. నటిస్తే నేను పట్టుకునేదాన్ని. అదే నా ప్రాణానికి వచ్చింది. ఆమె ఒక్క మాట అంటే చాలు, మామగారు రేపట్నించి నా బల్ల దగ్గరికి వస్తారు. మళ్లీ బెంచీ మీద కూర్చుని, నా కోడలు పట్టుకుంది కాబట్టి బతికానండీ అని నలుగురికీ చెబుతారు. ఏడాదిన్నరగా నేను కోరుకుంటున్నది అదే. దాన్ని ఆ పిల్ల అరచేతిలో పెట్టి నాకిస్తోంది.

కృతజ్ఞతతో కళ్లు చెమ్మగిల్లాయని రాస్తే మీకు బాగుంటుంది. నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. నా రోగుల్ని తీసుకుంది, నా మామగారిని తీసుకుంది, ఇప్పుడు నా తప్పు కూడా తీసుకుని అందులో కూడా నాకన్నా మంచిది అనిపించుకుంటుందా? నేను జీవితాంతం ఆయన మెచ్చుకోలు వింటూ, అది ఈ పిల్ల పెట్టిన భిక్ష అని లోపల కుమిలి చావాలా? అన్నీ ఇచ్చాను, ఇది ఇవ్వను అనుకున్నాను. నిజం ఒప్పుకోవడానికి మనుషులకి ఎన్నో గొప్ప కారణాలు ఉంటాయేమో. నాది మాత్రం అసూయే.

గళ్లు నింపాను. ఎవరివల్ల అన్న చోట నా పేరు. ఎప్పుడు గమనించారు అన్న చోట శనివారం, మధ్యాహ్నం ఒంటిగంటా అయిదు. తలుపు తీసి మామగారిని పిలిచాను. ఆ పిల్ల "అక్కా, వద్దు" అంది. వినలేదు. ఆయన్ని మంచం అంచున కూర్చోబెట్టి, ఆ కాగితం మొదట్నించి చివరిదాకా చదివాను.

ఆయన సగం విప్పిన చొక్కాతోనే విన్నారు.

"ఆ రోజు సాయంత్రం, నువ్వు రెండోసారి చూసినప్పుడా?"

"అవును మామయ్యా. ఈ పిల్ల మార్చింది తీసేసి నాది పెట్టాలని చేశాను. షాక్ కూడా పోతుందని చూసుకోలేదు."

"అది సరే. చూసుకోలేదు." ఆ మాటని ఆయన అక్కడితో వదిలేశారు. అంత తేలిగ్గా వదిలేస్తారని నేను అనుకోలేదు. తర్వాత కాగితం నా చేతిలోంచి తీసుకుని, దూరంగా పట్టుకుని, చివరి గడి మీద వేలు పెట్టారు. "శనివారం చూశావా?"

"చూశాను."

"శనివారం మధ్యాహ్నం ఇంటికొచ్చి నాకు అన్నం పెట్టావు."

"ఈ పిల్లదే తప్పు అనుకున్నాను మామయ్యా. సోమవారం మీటింగులో డాక్టరుగారి ముందు నిలబెడదామని ఆగాను."

చిన్నమేడం గోడవైపు తిరిగి నిలబడింది. మామగారు ఆమె వైపు చూడలేదు.

"ఇవాళ పొద్దున నన్ను మేడెక్కనివ్వనిది అందుకా? బాత్‌రూము దగ్గర పిలిచింది అందుకా?"

"అవును. మీకేమీ కాకూడదనే..."

ఆయన చొక్కా బొత్తాలు ఒక్కొక్కటీ పెట్టుకున్నారు. పైది కాస్త బిగుతు, అది పట్టడానికి టైము పట్టింది.

"సోమవారం దాకానా?" అన్నారు.

కోపంగా అని ఉంటే ఏదో ఒకటి చెప్పి ఉండేదాన్ని. ఆయన నిజంగా తెలుసుకుందామనే అడిగారు.